తప్పు డ్రైవరమ్మ కాలిది కాదు

కారు గేటు స్తంభాన్ని గుద్దుకున్నప్పుడు పగిలింది ఒక్క హెడ్‌లైటు. ఇంట్లోవాళ్ల మాటలు వింటే మాత్రం ఆ రోజు సగం వీధి కూలిపోయిందనుకోవాలి.

డ్రైవరమ్మ అన్నది ఆమెకి వీధి పెట్టిన పేరు. ఆ చుట్టుపక్కల స్టీరింగు పట్టుకున్న వాళ్లలో చాలామందికి పట్టుకోవడం నేర్పింది ఆమే. డ్రైవింగ్ స్కూలు మూసేసి ఇంటిపట్టున ఉంటున్నా పాత అలవాటు పోలేదు. ఎవరైనా ఇండికేటర్ వేయకుండా మలుపు తిరిగారంటే వరండాలోంచే కేకేసి వాళ్ల పరువు తీసేది. అలాంటి మనిషి, మనవరాల్ని స్కూలు నుంచి తీసుకొస్తూ, సొంత ఇంటి గేటుకే కారు గుద్దింది. వీధి ఊరుకుంటుందా? ఆమె దగ్గర తిట్లు తిన్న వాళ్లంతా పరామర్శ పేరుతో వచ్చి, పగిలిన లైటు చూసి, లోపల్లోపల నవ్వుకుని పోయారు.

జరిగింది ఏమిటో డ్రైవరమ్మకి స్పష్టంగా తెలుసు. గేటు దగ్గరికి వస్తూ ఎప్పటిలాగే మెల్లగా బ్రేకు తొక్కింది. రోజూ గట్టిగా ఎదురు నిలిచే పెడల్ ఆ రోజు మెత్తగా జారుకుంటూ అడుగుదాకా పోయింది. వెంటనే హ్యాండ్‌బ్రేక్ లాగింది కాబట్టి సరిపోయింది. మనవరాలికి బెల్టు పెట్టి ఉంది కాబట్టి పిల్ల మీద గీత కూడా పడలేదు, బెదిరిపోయి ఏడ్చింది, అంతే. కానీ హ్యాండ్‌బ్రేక్ లాగిన చెయ్యి గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు. అందరూ కాలి గురించే మాట్లాడారు.

"అమ్మా, వయసు మీద పడుతోంది. కాలు పట్టు తప్పింది. ఇందులో నామోషీ ఏముంది?" అన్నాడు కొడుకు. ఆఫీసులో పదిమంది మీద అజమాయిషీ చేసి చేసి, ఇంటికొచ్చినా అదే గొంతుతో మాట్లాడే రకం.

"కాలు తప్పలేదురా. పెడలే కిందికి పోయింది. బ్రేకాయిల్ ఎక్కడో లీకవుతోంది."

"మెకానిక్ చూశాడుగా! కింద చుక్క లేదు, ఆయిల్ డబ్బా నిండా ఉంది. మరెక్కడ లీకు?"

మెకానిక్ చూసిన మాట నిజమే. అతను కూడా డ్రైవరమ్మ దగ్గర డ్రైవింగ్ నేర్చుకున్నవాడే. చక్రాల వెనక టార్చి వేసి చూశాడు, బానెట్ ఎత్తి డబ్బా చూశాడు, పెడల్ టపటపా తొక్కి చూశాడు. అంతా బాగానే ఉందన్నాడు. ఆ మాట అనేటప్పుడు మాత్రం ఆమె మొహంలోకి చూడలేకపోయాడు.

మర్నాడు ఆమె స్నానం చేసి వచ్చేసరికి గోడకి ఉండాల్సిన కారు తాళం లేదు. కొడుకు తీసేశాడు. కారు అమ్మేస్తున్నానని, ఆదివారం కొనేవాడు వస్తున్నాడని టిఫిను తింటూ చల్లగా చెప్పాడు.

దానికి ఆమెకి ఒళ్లు మండింది. మండినా తట్టుకోగలిగింది, ఎందుకంటే కొడుకుతో దెబ్బలాడటం ఆమెకి కొత్తేమీ కాదు. తట్టుకోలేకపోయింది కోడలి మాటని. కోడలు నర్సు. యాక్సిడెంటు కేసులు వచ్చే వార్డులోనే డ్యూటీ. ఆ పిల్ల గొంతు పెంచలేదు, మొహం ముడుచుకోలేదు. "పాపని ఇక మీతో పంపలేను అత్తయ్యా. మీరు ఏమనుకున్నా సరే," అంది. అందులో కోపం లేదు. ఉంటే డ్రైవరమ్మ రెట్టింపు కోపంతో జవాబు చెప్పేది. భయానికి ఏం జవాబు చెబుతుంది? ఆ రోజు నుంచి మనవరాలు స్కూలు వ్యానులో వెళ్తోంది. వ్యాను వచ్చేసరికి డ్రైవరమ్మ కావాలనే పెరట్లోకి వెళ్లిపోయేది.

లోపల ఆమెనీ ఒక అనుమానం పురుగులా తొలిచేది. నిజంగానే కాలు తప్పిందేమో! ఎవరూ లేనప్పుడు వంటింట్లో స్టూలు మీద కూర్చుని, కుడి అరికాలు గోడకి ఆనించి బలంకొద్దీ తొక్కి చూసుకునేది. గోడతో లాభం లేదని ఒకరోజు మొగుణ్ణి పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టి, ఆయన రెండు అరచేతుల మీద కాలు పెట్టి నొక్కింది.

"పట్టు ఉందా, లేదా? నిజం చెప్పు."

"పట్టా? నా మణికట్టు విరిగితే కట్టు కట్టేదెవరో ముందు అది చూసుకో," అన్నాడాయన మూలుగుతూ.

ఆమె కాలు తీసేసింది. మనసు కుదుటపడింది. మొండితనం కూడా దానితోపాటే తిరిగొచ్చింది.

తాళం తీసుకున్నాడు కానీ, షెడ్డులో ఉన్న కారు తలుపులు కొడుకు లాక్ చేయలేదు. ఇక చూడాలి ఆమె తమాషా. పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని షెడ్డులోకి వెళ్లేది. పాత న్యూస్ పేపర్లు నాలుగు చక్రాల కింద, ఇంజను కింద పరిచేది. డ్రైవరు సీట్లో కూర్చుని, కదలని కారులో, బ్రేకు తొక్కేది. టపటపా కాదు. మెల్లగా తొక్కి, అలాగే పట్టుకుని కూర్చునేది. పట్టుకోగా పట్టుకోగా పెడల్ కాలి కింద దొంగలా, చప్పుడు లేకుండా కిందికి దిగేది. అది కాలికి తెలుస్తోంది. కళ్లకి చూపించడమే ఎలాగో తెలియడం లేదు. పేపర్లు మాత్రం ఎప్పుడు చూసినా ఎండిన ఆకుల్లా పొడిగా ఉండేవి.

"డ్రైవరమ్మగారు కారు నడపడం లేదుగానీ కారులోనే కాపురం పెట్టారు," అని పక్కింటావిడ గోడ మీంచి నవ్వింది.

"మీ ఆయన రివర్సు వేసినప్పుడల్లా మా గోడకి సున్నం వేయించుకుంటున్నాం. ముందు ఆయన సంగతి చూసుకోండి," అంది డ్రైవరమ్మ. పక్కింటావిడ తల మళ్లీ గోడ మీద కనిపించలేదు.

కిందికి పడటం లేదు, సరే. డబ్బాలో అయినా తగ్గాలి కదా! బానెట్ ఎత్తి, బ్రేకాయిల్ డబ్బా మీద ఆయిల్ ఎంత వరకు ఉందో సరిగ్గా అక్కడ ప్లాస్టర్ ముక్క అంటించింది. రోజూ అలాగే పెడల్ తొక్కుతూ, గురువారం వెళ్లి చూసింది. చూసి తెల్లమొహం వేసింది.

ఆయిల్ తగ్గలేదు. పెరిగింది! ప్లాస్టర్ మీదికి ఎక్కి, మూత అంచుదాకా ఉంది.

లీకైతే తగ్గాలి. లీకు లేకపోతే ఉన్నచోటే ఉండాలి. పెరగడం ఏమిటి? ఇంజనులో ఆయిల్ ఊట పుట్టిందా? ఆమె బానెట్ కింద తలపెట్టి అలాగే నిలబడిపోయింది. అప్పుడే ఆమె మొగుడు నీళ్ల చెంబుతో షెడ్డులోకి వచ్చి, అద్దం కడిగే నీళ్ల డబ్బా మూత తీసి, నింపడం మొదలుపెట్టాడు. డ్రైవరమ్మ మెల్లగా ఆయన వైపు తిరిగింది.

ఆయన సంగతి ఇక్కడ కొంచెం చెప్పాలి. వీధిలో ఆయన్ని నిండుకుండ అంటారు. వెలితిగా ఉన్న పాత్ర కనబడితే ఆయనకి ఊపిరాడదు. ఉప్పు డబ్బా, పంచదార సీసా, బాత్‌రూములో బకెట్, ఇంటికొచ్చిన చుట్టం చేతిలో మంచినీళ్ల గ్లాసు, ఏదైనా సరే, కొంచెం తగ్గితే చాలు అంచుదాకా పోసేస్తాడు. ఒక గుటక తాగి గ్లాసు కింద పెట్టిన చుట్టాలు, ఎంత తాగినా నీళ్లు అయిపోక, దండం పెట్టి లేచిపోయిన సందర్భాలున్నాయి.

"ఏమయ్యా, ఈ బ్రేకాయిల్ డబ్బాలో కూడా నువ్వే పోస్తున్నావా?"

"పోయకపోతే ఎలా? వారానికోసారి తగ్గిపోతుంటేనూ!" అన్నాడాయన, మెప్పు కోసం చూస్తూ. "ఎప్పట్నుంచో పోస్తున్నా. మెకానిక్ వచ్చే ముందు కూడా పోశా, ఇంటికొచ్చిన మనిషికి వెలితిగా కనిపిస్తే ఏం బాగుంటుందని. సీసాలన్నీ అదిగో, ఆ మూల దాచా."

షెడ్డు మూల గోనెసంచి కింద ఖాళీ బ్రేకాయిల్ సీసాలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. డ్రైవరమ్మకి ఆయన్ని చెంబుతో సహా వీధిలోకి గెంటాలనీ అనిపించింది, దగ్గరికి తీసుకుని ముద్దు పెట్టుకోవాలనీ అనిపించింది. రెండూ చేయలేదు. "ఇంకొక్క చుక్క పోశావంటే నీ చేతులు కట్టేసి కూర్చోబెడతా," అని మాత్రం అంది. ఆయన ఏం తప్పు చేశాడో అర్థంకాక బిక్కమొహం వేశాడు.

ఆదివారం పాత కార్లు కొనే బేరగాడు వచ్చాడు. కొడుకు నవ్వుమొహంతో అతన్ని షెడ్డులోకి తీసుకొచ్చి, కారు చూసి ఆగిపోయాడు. డ్రైవరు సీట్లో డ్రైవరమ్మ కూర్చుని ఉంది. బెల్టు కూడా పెట్టుకుంది.

"అమ్మా, దిగు. ఆయనకి బండి చూపించాలి."

"చూపించు. నేనేం అడ్డమా?"

కొడుకు పళ్లు నూరుకుంటూ బేరగాడి వైపు తిరిగాడు. "ఒక్క చెయ్యి మీద నడిచిన బండి. ఇంజను ఫస్ట్ క్లాస్. బ్రేకులు సూపర్‌గా ఉన్నాయి, మొన్ననే మెకానిక్‌కి చూపించాం."

"అయితే గేటుకి ఎలా తగిలింది?" అన్నాడు బేరగాడు, పగిలిన లైటు తడుముతూ.

"అదీ… మా అమ్మ పెద్దావిడ కదా…"

డ్రైవరమ్మ అద్దం దించింది. "ఆగరా. నన్నొక మాట అడగనీ. బ్రేకు బాగుంటే నా కాలు పాడైనట్టు. నా కాలు బాగుంటే బ్రేకు పాడైనట్టు. ఈయనకేమో బ్రేకు బాగుందని చెబుతున్నావు. నా కాలు బాగుందని నేను చెబుతున్నా. రెండూ బాగుంటే మరి గేటే నడుచుకుంటూ వచ్చి బండిని గుద్దిందా?"

బేరగాడు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. ఆమె చెయ్యి బయటపెట్టి, ఖాళీ సీసా ఒకటి అతనికి అందించింది. తర్వాత ఇంకొకటి. తర్వాత ఇంకొకటి. అతను రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు.

"బాబూ, ఇవన్నీ ఈ బండి తాగిన బ్రేకాయిల్ సీసాలు. మా ఆయన పోశాడు. అందుకే డబ్బా ఎప్పుడూ నిండుగా కనబడింది. పోసిందంతా ఎటు పోయిందో మావాణ్ణి అడుగు. అది చెబితే బండి తోలుకుపో. చెప్పలేకపోతే, నీ పెళ్లాంపిల్లల్ని ఇందులో ఎక్కించుకోకు."

బేరగాడు సీసాలు జాగ్రత్తగా బానెట్ మీద పెట్టాడు. "ఇంట్లో మీరూ మీరూ తేల్చుకున్నాక ఫోన్ చెయ్యండి సార్," అని చల్లగా జారుకున్నాడు.

కొడుకు మొహం కందగడ్డలా అయింది. "పరువు తీశావు! నాన్న పోసేటప్పుడు సగం కిందే ఒలకబోసి ఉంటాడు. కింద ఒక్క చుక్క లేకుండా లీకేంటి? ఎవరైనా వింటే నవ్విపోతారు!"

"నవ్వరు," అంది కోడలు.

ఎప్పుడొచ్చిందో, షెడ్డు గుమ్మంలో నిలబడి ఉంది. డ్యూటీకి బయల్దేరుతూ ఆగినట్టుంది. బానెట్ మీది సీసాల్నే చూస్తోంది. "మా వార్డులో ఒక మనిషికి ఇన్నిసార్లు రక్తం ఎక్కించి, ఒంటి మీద ఎక్కడా గాయం లేకపోతే, లీకు లేదని అనుకోం. లోపల ఎక్కడో పోతోందని భయపడతాం. కడుపు కోసైనా చూస్తాం." ఆమె తన మొగుడి వైపు తిరిగింది. "మామయ్యగారు చుక్క ఒలకబోసే మనిషి కాదు. మెకానిక్‌ని పిలవండి. మీరు పిలవకపోతే నేను పిలుస్తా."

ఫోన్ కోడలే చేసింది. డ్యూటీకి కూడా సెలవు చెప్పేసింది.

మెకానిక్ ఈసారి పైపైన చూడలేదు. కారు పైకి ఎత్తి, చక్రాలు నాలుగూ ఊడదీశాడు. వెనక చక్రాల డ్రమ్ములు లాగి, లోపలి రబ్బరు తొడుగులు వేలితో ఎత్తి చూశాడు. పొడి. ముందు చక్రాలకి వెళ్లే రబ్బరు గొట్టాలు వంచి పగుళ్లు వెతికాడు. లేవు. కారు కడుపు కింద పాకే ఇనుప గొట్టాల పొడవునా తెల్లగుడ్డ పెట్టి తుడిచాడు. దుమ్ము తప్ప తడి లేదు. కొడుకు చేతులు కట్టుకుని, చూశారా అన్నట్టు నిలబడ్డాడు.

"అవన్నీ అయ్యాయిగా. ఇప్పుడు ఇక్కడికొచ్చి కూర్చో," అంది డ్రైవరమ్మ సీటు చూపించి. "నేను నీకు నేర్పినట్టు తొక్కు. మెల్లగా. తొక్కి పట్టుకో."

మెకానిక్ కూర్చున్నాడు. తొక్కాడు. పట్టుకున్నాడు. కొంతసేపు ఏమీ లేదు. తర్వాత అతని కళ్లు పెద్దవయ్యాయి. "దిగుతోంది మేడమ్! నేను మొన్న టపటపా కొట్టాను, అందుకే గట్టిగా ఉన్నట్టు అనిపించింది."

దిగి, పరుగున బానెట్ దగ్గరికి వెళ్లాడు. ఆయిల్ డబ్బా కింద ఉండేది మాస్టర్ సిలిండర్. పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాలకి తోసేది అదే. దాని వెనక, కాలి తొక్కుడికి బలం చేర్చే పెద్ద డొల్ల పళ్లెంలాంటి బూస్టర్ ఉంటుంది. రెండూ ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి కాబట్టి మధ్యలో ఏం జరుగుతోందో బయటికి కనబడదు. మెకానిక్ స్పానరుతో రెండు నట్లు విప్పి, సిలిండర్‌ని ముందుకి లాగాడు. లాగీ లాగగానే ఆయిల్ బొటబొటా కారింది. గుడ్డ బూస్టర్ లోపలికి దోపి తీస్తే, పిండుకునేంత తడిసి వచ్చింది.

"సిలిండర్ వెనక రబ్బరు సీలు చిరిగిపోయింది. పోసిందంతా ఈ డొల్లలోకే పోతోంది. కింద చుక్క ఎలా పడుతుంది?" అన్నాడు మెకానిక్. ఆ తర్వాత గొంతు తగ్గించి, "తప్పు నాది మేడమ్. ఆ రోజే విప్పి చూడాల్సింది," అన్నాడు.

"డబ్బా నిండుగా కనిపిస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుందిలే," అంటూ డ్రైవరమ్మ మొగుడి వైపు చూసింది. ఆయన ఆకాశం వైపు చూశాడు.

డ్రైవరమ్మ అక్కడే షెడ్డు మెట్టు మీద కూలబడి, చెంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. సంతోషం కాదది. ఇన్ని రోజులూ తన కాలిని తనే అనుమానించేలా చేశారన్న ఉక్రోషం. కోడలు వచ్చి పక్కన కూర్చుంది. తన భుజం ఆమె భుజానికి ఆనించింది.

మెకానిక్ కొత్త సిలిండర్ తెచ్చి బిగించాడు. ఆయిల్ తాగి లోపలి రబ్బరు ఉబ్బిపోయిందని బూస్టర్ కూడా మార్చాడు. ఇక గొట్టాల్లోని గాలి తీయాలి. ఒకరు పెడల్ తొక్కి పట్టుకుంటే, ఇంకొకరు చక్రం దగ్గర నట్టు వదులు చేసి, ఆయిల్‌తో పాటు గాలి బయటికి పోయాక బిగించాలి. నట్టు బిగించేలోపల తొక్కినవాళ్ల కాలు చలించిందంటే, బయటికి పోయిన గాలి మళ్లీ లోపలికి దూరుతుంది.

"నేను తొక్కుతాను," అన్నాడు కొడుకు.

"నువ్వు జరుగు," అని డ్రైవరమ్మ సీటెక్కింది.

"ఈ పనంతా అయ్యేవరకూ డబ్బాలో ఆయిల్ తగ్గకూడదు. ఎవరో ఒకరు కనిపెట్టుకుని నిండుగా పోస్తూ ఉండాలి," అన్నాడు మెకానిక్. అందరూ ఒక్కవైపే చూశారు. నిండుకుండగారు కొత్త సీసా అందుకుని, భుజం మీది తువ్వాలు నడుముకి బిగించి, పెళ్లికొడుకులా ముందుకొచ్చాడు.

దూరపు చక్రంతో మొదలుపెట్టారు. "తొక్కండి… పట్టుకోండి… వదలండి." డ్రైవరమ్మ తొక్కింది, పట్టుకుంది, వదిలింది. గాలి బుడగలు గొట్టంలోంచి తుపుక్కుమంటూ వచ్చి, రానురాను తగ్గాయి. కొడుకు చక్రం పక్కన గొంతుకూర్చుని బుడగల్ని చూస్తూ, మధ్యమధ్యలో తల ఎత్తి తల్లి కాలిని చూశాడు. ఆఖరి చక్రం నట్టు మొండికేసి, మెకానిక్ దాంతో కుస్తీ పట్టినంతసేపూ ఆ కాలు పెడల్ మీద బిగించినట్టే నిలబడింది. ఇసుమంతైనా వణకలేదు.

పని అయ్యాక కొడుకు జేబులోంచి తాళం తీశాడు. "సారీ అమ్మా. ఇదిగో."

డ్రైవరమ్మ చెయ్యి చాపలేదు. "నా చేతిలోంచి తీసుకున్నావా, నా చేతిలో పెట్టడానికి? ఎక్కడ తీశావో అక్కడే తగిలించు. అది నువ్వు నాకిచ్చేది కాదు. నేను వెళ్లి తీసుకుంటా."

కొడుకు లోపలికి వెళ్లి గోడకి తగిలించాడు. ఆమె వెనకే వెళ్లి తీసుకుంది. "ఇంకో మాట కూడా విను. ఈ కాలు పట్టు తప్పిన రోజు నీకంటే ముందు నాకే తెలుస్తుంది. ఆ రోజు నేనే తెచ్చి దీన్ని నీ చేతిలో పెడతా. అంతవరకూ దీని జోలికి వస్తే ఊరుకోను."

"నానమ్మా, నేనూ వస్తా!" అని మనవరాలు చెప్పులేసుకుంది.

"ఇప్పుడు కాదు. బ్రేకులు విప్పి బిగించిన బండిలో మొదటిసారి నడిపేవాళ్లు తప్ప ఇంకెవరూ ఎక్కకూడదు. నేను చూసుకుని వస్తా, ఆగు."

ఆమె ఒక్కతే వెళ్లింది. వీధి చివర ఏటవాలు దగ్గర ఆపి చూసింది, ఆగింది. ఖాళీ రోడ్డు మీద వేగంగా వెళ్లి ఒక్కసారిగా తొక్కింది, ఆగింది. మెల్లగా తొక్కి పట్టుకుని, కాలి కింద ఏమైనా జారుతుందేమోనని చెవులు రిక్కించినట్టు కూర్చుంది. పెడల్ ఉన్నచోటే ఉంది. అక్కడే, అద్దాలు ఎత్తుకుని, కారులో ఒంటరిగా, గట్టిగా నవ్వింది.

తిరిగి ఇంటి మలుపు తిరిగేసరికి అందరూ గేటు దగ్గరే ఉన్నారు. కారు చూడగానే కొడుకు ఓ పక్కకి తప్పుకున్నాడు. మొగుడు మనవరాల్ని చెయ్యి పట్టుకుని ఇంకో పక్కకి లాగాడు. మెకానిక్ గోడకి అతుక్కున్నాడు. కోడలు మాత్రం కదల్లేదు. గేటు మధ్యలో, కారుకి ఎదురుగా, చేతులు కిందికి వదిలేసి నిలబడింది.

డ్రైవరమ్మ బ్రేకు తొక్కింది. కారు కుదుపు లేకుండా ఆగింది.

"బుద్ధుందా నీకు?" అద్దం దించి అరిచింది. "ఇప్పుడే బ్రేకులు బిగించిన బండికి ఎదురు నిలబడతావా? రోజూ ఆసుపత్రిలో చూసేవి చాలడం లేదా?"

"బ్రేకుల్ని చూసి నిలబడలేదు అత్తయ్యా. నడిపేది ఎవరో చూసి నిలబడ్డా."

అయినా డ్రైవరమ్మ తగ్గలేదు. "ఎవరు నడిపినా సరే! బండికి ఎదురు నిలబడకూడదు. తప్పుకో ముందు."

కోడలు తప్పుకుంది. వెనక తలుపు తీసి, కూతుర్ని ఎక్కించి, బెల్టు పెట్టింది.